పటములోని పసిబిడ్డ

మన తెలుగునాట గర్భిణీస్త్రీ పరుండెడి గదిలో పసిబిడ్డ పటమొకటి గోడకు వ్రేలాడుచుండుట పాఠకులు చూచియే యుందురు. ఆ బిడ్డ మేనిచాయ మీగడవలె తెల్లనిది; బుగ్గలు నిండైనవి; జుట్టు ఉంగరములు తిరిగినది; కొన్ని పటములలో కన్నులుకూడ నీలివే. ఉదయమున లేవగానే గర్భిణి ఆ ముఖమును చూచినయెడల పుట్టబోవు బిడ్డయు నట్లే యుండునని పెద్దలు చెప్పుదురు. పాలలో కుంకుమపువ్వు కలిపి త్రాగించుటయు నీ యాశతోనే. తల్లి చూచు పటమును బట్టిగాని, త్రాగు పాలను బట్టిగాని బిడ్డ చర్మపు రంగు మారదనియు, అది తల్లిదండ్రులనుండి సంక్రమించునదనియు చదువుకొన్నవారందరును ఎరుగుదురు. ఎరిగియు పటమును దింపరు.

మేమును దింపలేదు. మా యింటి గోడమీద నట్టి క్యాలెండరుబిడ్డ యొకడు పెక్కేండ్లు నవ్వుచు నుండెను. మా మనుమరాలు నాలుగేండ్లది, చామనచాయది, ఒకనాడు ఆ పటమువంక వ్రేలు చూపి, "అమ్మమ్మా, ఆ బాబు మనకేమవుతాడు?" అని యడిగెను. "ఏమీ కాడు తల్లీ, ముద్దుగా ఉన్నాడని పెట్టుకొన్నాము" అంటిమి. "మరి నా బొమ్మ ఎందుకు పెట్టలేదు?" అని యది మరల నడిగెను. మాకు మాట తోచలేదు. నాడు చెప్పలేకపోయిన సమాధానమును నేడీ వ్యాసమున చెప్పబూనితిమి. ఆ బిడ్డ మనకు చుట్టము కాడు. వర్తకుడు మన యింటికి పంపిన దూత. ఆ దూత యెచ్చట పుట్టెనో, అతని నెన్నుకొనునపుడు ఏ బిడ్డలను వాకిటనే నిలిపివేసిరో తెలిసికొనుట గృహస్థుల కవసరమని మా తలంపు.

సబ్బు యే యంగటిలో కొన్నను సబ్బే. ఒకని సబ్బుకును మరియొకని సబ్బుకును భేదము స్వల్పముగా నున్నపుడు వర్తకుడు వస్తువును వదలి మనస్సును పట్టవలసివచ్చును. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దపు తుదిభాగమున ఇంగ్లండులో రంగుల ముద్రణ చవుకయై, పత్రికలు ఇంటింటికి చేరినపుడు, మనస్సును పట్టుటకు పసిబిడ్డ ముఖమును మించిన సాధనము లేదని సబ్బు వర్తకులు కనిపెట్టిరి. 1886వ సంవత్సరమున జాన్ ఎవరెట్ మిలే యను ప్రసిద్ధ చిత్రకారుడు తన మనుమని కూర్చుండబెట్టి యొక చిత్రము వ్రాసెను. బంగారువన్నె ఉంగరముల జుట్టుగల ఆ బాలుడు సబ్బునీటి బుడగ నూది, అది పైకి తేలిపోవుటను తల యెత్తి చూచుచుండును. జీవితము బుడగవంటిదను వైరాగ్యము ఆ చిత్రములోని భావము. పియర్సు సబ్బు వ్యాపారమును నడుపుచుండిన థామస్ బారెట్ ఆ చిత్రమును, దాని ముద్రణహక్కును కొని, బాలుని కాళ్లదగ్గర సబ్బుబిళ్ల నొకదానిని చేర్పించి ప్రకటనగా వెలువరించెను. వైరాగ్యము పోయి వ్యాపారము మిగిలెను. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై ఆంగ్ల నౌకాసేనలో అడ్మిరలు పదవి నందినను 'బుడగలు' అను ముద్దుపేరు అతనిని జీవితాంతము వదలలేదు.

తెల్లని బిడ్డ కిట్టి గౌరవము దక్కిన ఆ దశకముననే, ఆ సబ్బు ప్రకటనలలోనే, నల్లని బిడ్డకు దక్కిన స్థానము వేరు. ఒక ప్రకటనలో రెండు బొమ్మలు గలవు. మొదటిదానిలో నల్లజాతి బాలుడు నీటితొట్టిలో కూర్చుండగా తెల్లజాతి బాలుడు సబ్బు నందించుచుండును. రెండవదానిలో స్నానము ముగిసి నల్లని బాలుని దేహమంతయు తెల్లబడియుండును. ముఖము మాత్రము నల్లగానే యుండును. యూరపులో ఈసపు పేర చెప్పుకొను ప్రాచీన కథ యొకటి కలదు. నల్లని సేవకుని తోమి తోమి తెల్లజేయజూచిన యజమానుడు విఫలుడగుట అందలి యితివృత్తము. జన్మతః కలిగిన దానిని మార్చబూనుట వ్యర్థమని అందలి నీతి. సబ్బు వర్తకుడు ఆ కథను తీసికొని నీతిని తలక్రిందులు చేసెను. నల్లని చర్మము దేవుడిచ్చిన రంగు కాదు, కడుగవలసిన మురికి యని ఆ బొమ్మ చెప్పక చెప్పెను. దానిని చూచి నవ్విన పిల్లలు ఆ పాఠమును ఏ బడిలోను నేర్చుకొన నక్కరలేకపోయెను.

సముద్రమున కావలి యొడ్డున అమెరికాలో ఇదే పాఠము మరియొక రూపము ధరించెను. చికాగో నగరమందలి ఫేర్‌బ్యాంకు కంపెనీవారు తమ బట్టలసోడాపొడికి ఇరువురు నల్లజాతి కవలపిల్లలను గురుతుగా పెట్టుకొనిరి. నడుమునకు చిన్న గుడ్డ చుట్టుకొని, గిన్నెలు తోముచు, నేల తుడుచుచు నున్న ఆ కవలలకు మీ యింటిపని యప్పగింపుడని ఆ ప్రకటనలు గృహిణులకు చెప్పుచుండెను. ఆ కంపెనీవారి స్నానపుసబ్బు ప్రకటనలో తెల్లని బాలిక నల్లని బాలికను జూచి, మీ యమ్మ నీకు ఈ సబ్బుతో స్నానము చేయింపదేమి యని యడుగుచుండును. పాఠకులు ఒక విషయమును గమనింపవలయును. నల్లని బిడ్డలను ప్రకటనలలో చూపకపోలేదు, కావలసినంతగా చూపిరి. కాని తెల్లని బిడ్డ ప్రేమింపబడుటకును, నల్లని బిడ్డ పని చేయుటకును, నవ్వులపాలగుటకును ఎన్నుకొనబడెను. కావున ప్రకటనలో బిడ్డ యున్నదా లేదా యని మాత్రమే విచారించిన చాలదు; ఏ పనికై యున్నదని యడుగవలయును.

ఈ భేదమునకు తరువాతి తరమున శాస్త్రపు ముసుగు తగిలించిరి. 1908లో లూసియానా రాష్ట్రపు తిరునాళ్ల ప్రదర్శనమునను, 1911లో అయోవా రాష్ట్ర ప్రదర్శనమునను పసిబిడ్డల పోటీలు నడచెను. పశువులకును పంటలకును బహుమతు లిచ్చెడి ఆ ప్రదర్శనములలో బిడ్డలనుకూడ తూచి, కొలిచి, అంకెలు వేసి బహుమతు లిచ్చిరి. ఈ పోటీలలో మంచి లేకపోలేదు. వైద్యులు వేలకొలది బిడ్డలను పరీక్షించిరి. తల్లులు శిశుపోషణమును నేర్చుకొనిరి. అయినను సంతానశుద్ధి వాదులు త్వరలోనే వీనిలో ప్రవేశించిరి. వారిలో ముఖ్యుడైన చార్లెస్ డావెన్‌పోర్టు, బిడ్డను పరీక్షింపకముందే సగము అంకెలు వంశమునకు వేయవలెనని అయోవా పోటీల నిర్వాహకురాలికి వ్రాసెను. ఇండియానా రాష్ట్రమున 1920 మొదలు 1932 వరకు నడచిన పోటీలలో నల్లజాతి బిడ్డలకు ప్రవేశమే లేదు. ఆరోగ్యమును కొలుచుచున్నా మనుకొనినవారు, పోటీకి రాదగిన బిడ్డ యెవరో ముందుగానే నిశ్చయించుకొని, తరువాత తక్కెడ పట్టుకొనిరి. మన దేశమునను 1924లో రాజప్రతినిధి భార్యయగు లేడీ రీడింగు ప్రోత్సాహమున శిశువారోత్సవములు ఆరంభమయ్యెను. శిశుమరణముల నరికట్టుట వాని యుద్దేశము, అది సదుద్దేశమే. కాని పోటీయన్నచోట బొద్దుతనమును తెలుపును ఆరోగ్యమని భ్రమించు ప్రమాదము ఎల్లప్పుడు నుండును.

ఈ యవమానమునకు ప్రత్యుత్తర మిచ్చినవారు లేకపోలేదు. డబ్ల్యు. ఇ. బి. డ్యుబాయిస్ అను నల్లజాతి పండితునికి 1899లో జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరమున తొలిచూలు కుమారుడు రెండేండ్లయిన నిండకమునుపే మరణించెను. ఆ దుఃఖమును గూర్చి ఆయన 1903లో వెలువడిన తన గ్రంథమున నొక ప్రకరణము వ్రాసెను. తన బిడ్డ జుట్టున కనబడిన బంగారు వన్నె తనకు దుశ్శకునముగా తోచినదని అందు చెప్పుకొనెను. మిలే చిత్రమున లోకమంతయు ముద్దుగొన్న ఆ వన్నెయే, బానిసత్వపు చరిత్ర నెరిగిన యీ తండ్రికి గుండెకోత యయ్యెను. 1910లో ఆయన 'క్రైసిస్' అను మాసపత్రికను స్థాపించెను. కొలది కాలమునకే ప్రతిసంవత్సరము నొక సంచికను బిడ్డలకొరకు ప్రత్యేకించి, పాఠకులు పంపిన తమ బిడ్డల ఛాయాపటములను పుటలనిండ ముద్రింపసాగెను. ఆ బిడ్డలు గిన్నెలు తోముటలేదు, ఎవరిని నవ్వించుటలేదు. శుభ్రమైన దుస్తులు ధరించి, తల్లి దువ్విన తలతో, నిదానముగా మనవంక చూచుచుందురు. 1920, 1921 సంవత్సరములలో ఆయనయు, జెస్సీ ఫాసెట్ అను రచయిత్రియు, ఆగస్టస్ డిల్ అను మిత్రుడును కలసి నల్లజాతి బాలబాలికలకై ప్రత్యేకముగా నొక మాసపత్రికను నడపిరి. అది రెండేండ్లే జీవించినను, తమ్మును తాము ముద్దుగా చూచుకొను హక్కు ప్రతిబిడ్డకును కలదని చాటెను.

వర్తకలోకము మాత్రము తన త్రోవనే పోయెను. 1928లో మిచిగన్ రాష్ట్రమందలి గెర్బర్ అను శిశ్వాహార కంపెనీవారు తమ ప్రకటనలకు తగిన శిశుముఖము కావలెనని చిత్రకారుల నడిగిరి. డొరొతీ హోప్ స్మిత్ అను నామె తన పొరుగింటి పసిపాప ముఖమును బొగ్గుతో గీసి, నచ్చినయెడల పూర్తిచేసి యిచ్చెదనని పంపెను. కంపెనీవారికి ఆ యసంపూర్ణచిత్రమే నచ్చెను. 1931లో అది వారి వ్యాపారచిహ్నమయ్యెను. ఆ పాప పేరు ఆన్ టర్నరు. పెరిగి యుపాధ్యాయినియై, కథలు వ్రాసి, తొంబదియైదేండ్లు జీవించి 2022లో మరణించెను. 1978 వరకును కంపెనీవారు ఆమె పేరును వెల్లడింపలేదు. పేరు లేనందుననే ఆ ముఖము అందరి బిడ్డ కాగలిగెను. ప్రకటనలోని బిడ్డకు వర్తకుడిచ్చు స్థానమిదియే. ఆ బిడ్డ యొకరి బిడ్డ కాదు, 'బిడ్డ' యను మాటకే రూపము. ఆ రూపమునుండి త్రోసివేయబడిన బిడ్డలు పోగొట్టుకొనునది కొలది రూకల కూలి కాదు. లోకుల మనస్సులో బిడ్డ యనిపించుకొను హక్కు.

ఇన్ని కొలతలతో నెన్నుకొనిన రూపమునకు ఆధారమేమైన గలదా? దీనికి బెర్లిను నగరము 1935లో సమాధానము చెప్పెను. హిట్లరు ప్రభుత్వమును బలపరచు నొక కుటుంబపత్రిక ఆ యేట తన ముఖపత్రముపై ఆర్యజాతి సౌందర్యమునకు ఆదర్శమని యొక పసిపాప ఛాయాపటమును ముద్రించెను. ఆ పాప పేరు హెస్సీ లెవిన్‌సన్స్. ఆమె తల్లిదండ్రులు లాట్వియానుండి వచ్చిన యూదులు, సంగీతజ్ఞులు. పటమును దీసిన హన్స్ బాలిన్, ఆ బిడ్డ యూదుల బిడ్డయని యెరిగియే, పాలకులను పరిహాసపాత్రులను జేయుటకై దానిని పోటీకి పంపెనని ఆమె పెద్దదైన పిదప తెలిపెను. తమ బిడ్డ ముఖము అంగళ్లలో వ్రేలాడుట జూచి ఆ తల్లిదండ్రులు గర్వింపలేదు. నిజము బయటపడునేమోయని గడగడ వణకిరి. తరువాత కుటుంబమంతయు దేశము విడిచి, పెక్కుచోట్ల తలదాచుకొని, తుదకు అమెరికా చేరెను. ఆమె రసాయనశాస్త్రమున అధ్యాపకురాలయ్యెను. 2014లో ఆ పత్రిక ప్రతిని జెరూసలేములోని యాద్ వషేము స్మారకసంస్థకు సమర్పించెను. జాతిని ముఖమున చదువగలమని గర్వించినవారు, తామే వెలివేసిన జాతిబిడ్డను తమ యాదర్శముగా పూజించిరి. ప్రమాణము బిడ్డలో లేదు. కొలుచువాని యహంకారములో నున్నదని ఇంతకంటె స్పష్టముగా చరిత్ర చెప్పజాలదు.

కాని యాధారము లేనిదైనను ఆ ప్రమాణము బిడ్డల హృదయములలో దిగకపోలేదు. 1940వ దశకమున అమెరికాలో కెనెత్ క్లార్కు, మేమీ క్లార్కు అను నల్లజాతి దంపతులు, మనశ్శాస్త్రజ్ఞులు, రంగుతప్ప అన్నివిధముల నొక్కటే యైన బొమ్మలను పసివారి ముందుంచి, మంచి బొమ్మ యేది, చెడ్డ బొమ్మ యేది యని యడిగిరి. నల్లజాతి బిడ్డలలో ఎక్కువమంది తెల్లని బొమ్మయే మంచిదనిరి. పిమ్మట, నీవలె నుండు బొమ్మ యేదని యడుగగా కొందరు కన్నీరు పెట్టుకొనిరి. 1954లో తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు బడులు చెల్లవని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినపుడు ఈ పరీక్షలనుకూడ పేర్కొనెను.

ఇంతవరకును పరదేశముల మాట చెప్పితిమి. నేరమంతయు వారిపై మోపి మనము తప్పించుకొనరాదు. ఆంగ్లేయుల సబ్బులతో వారి బిడ్డల పటములును మన యంగళ్లకు వచ్చినమాట నిజమే. కాని వానిని ముద్దుపెట్టుకొనుటకు మన మనస్సు ముందే సిద్ధమై యుండెను. పురుడు వచ్చిన యింట, బిడ్డ యారోగ్యమునకు ముందు రంగును గూర్చియే యడుగువారు నేటికిని గలరు. పెండ్లి ప్రకటనలలో వధువునకు మొదటి విశేషణము చాయయే. నల్లని బిడ్డను జూచి "నలుపు నారాయణుడు మెచ్చు" నని పెద్దలు మెచ్చికోలుగా నందురు. అది మెచ్చికోలు కాదు, ఓదార్పు. తెల్లని బిడ్డకు ఎవరును ఓదార్పు చెప్పరుగదా! 1975లో మన దేశమున చర్మమును తెలుపుజేయునని చెప్పు లేపనమొకటి బయలుదేరి, నలుపుగా నున్న పిల్లకు ఉద్యోగము లేదు, వరుడు లేడు అను కథలతో ఇల్లిల్లు చేరెను. 2020లో దాని పేరునుండి తెలుపను మాట తొలగింపబడెను. పేరు మారినంత సులభముగా చూపు మారదు.

ప్రకటనలకు బిడ్డల నెన్నుకొను వ్యాపారులను ప్రశ్నించినయెడల, "మాకు ద్వేషము లేదు, కొనువారు ఏ ముఖమును కోరుదురో దానినే మేము చూపుదుము" అని చెప్పుదురు. కొనువారి నడిగిన, "ఎల్లచోట్ల అట్టి ముఖమే చూచుచున్నాము గనుక అదియే ముద్దుగా తోచుచున్నది" అందురు. ఒకరు కోరుదురని మరియొకరు చూపుట, చూపుదురని వీరు కోరుట! గానుగెద్దువలె ఈ వాదము తిరిగినచోటనే తిరుగుచుండును. నడుమ నలుగునది పసిబిడ్డ. తల్లి తల దువ్వి, క్రొత్త గౌను తొడిగి, ఎంపికకు తీసికొనిపోయిన బిడ్డను ఒక్క చూపు చూచి, "ఈ చాయ మాకు పనికిరాదు" అని పంపివేసినపుడు, ఆ మాట తల్లికి చెప్పినదే యైనను వినునది బిడ్డ.

చట్టము కొంత చేసినది. బిడ్డ పటమునకు గల యాకర్షణశక్తిని మన శాసనకర్తలు గుర్తింపకపోలేదు. తల్లిపాలకు బదులుగా నమ్ము పొడుల డబ్బాలపై శిశువు పటమునుగాని స్త్రీ పటమునుగాని ముద్రింపరాదని 1992 నాటి చట్టము శాసించినది. ముద్దుబిడ్డను జూపి తల్లిని మోసగింపరాదని దాని భావము. నటించు బిడ్డలచే దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదనియు, సంపాదనలో ఐదవవంతుకు తక్కువ గాకుండ బిడ్డ పేరనే బ్యాంకులో నిలువజేయవలెననియు 2017 నాటి నియమములు చెప్పుచున్నవి. నల్లని చర్మముగలవారిని దుఃఖితులుగా, అందవిహీనులుగా ప్రకటనలలో చూపరాదని ప్రకటనకర్తలు తామై యేర్పరచుకొనిన ప్రమాణముల మండలి 2014లో నిర్ణయించినది. ఇవి యన్నియు మెచ్చదగినవే. కాని ఎంపికగది వాకిట కలిగెడి యవమానమును ఏ గంటల లెక్కయు కొలువజాలదు.

వర్తకులును మారుచున్నారు. పైని చెప్పిన గెర్బర్ కంపెనీవారే 2018లో లక్షా నలుబదివేలకు పైగా వచ్చిన పటములనుండి, డౌన్ సిండ్రోముతో జన్మించిన యేడాది బాలుని ఆ సంవత్సరపు తమ శిశువుగా నెన్నుకొనిరి. ఆ బాలుని నవ్వును జూచి లోకము సంతోషించెను, మేమును సంతోషించితిమి. అట్టి బిడ్డల నెందరో తల్లులు చుట్టముల కంటబడకుండ లోపలిగదిలో దాచుకొనుట మేమెరుగుదుము. ఆ యొక్క పటము వారిలో కొందరికైన వీధితలుపు తెరచి యుండును. అయినను వర్తకుని దయ యంగటి గాలిని బట్టి వీచునది. దానినే నమ్ముకొని యుండరాదు. మార్పు కొనువాని కంటిలో మొదలు కావలయును. కాకిపిల్ల కాకికి ముద్దు అను సామెత మనము ఎగతాళిగా వాడుచుందుము. విచారించి చూడగా అందు ఎగతాళి యేమియు లేదు. తన పిల్లను చూచుటకు పావురము కన్నును అరువు తెచ్చుకొనని యా కాకియే మనకంటె వివేకముగలది.

సోదరీమణులకు మా విన్నప మొక్కటే. మీ గోడమీది పటము యెవరిదో ఒకసారి చూడుడు. మీ యింట తిరుగు బిడ్డకు ఆ పటము ఏమి చెప్పుచున్నదో యోజింపుడు. మేము ఆ క్యాలెండరును దింపి, దాని స్థానమున మా మనుమరాలి పటమును పెట్టితిమి. కాటుక కొంచెము చెదరినది. ముందు పల్లొకటి ఊడినది. అది వచ్చి, నడుముపై చేతులుంచుకొని, కొంతసేపు చూచి, "నా జడ వంకరగా ఉంది" అని తప్పు పట్టి, ఆడుకొనుటకు పోయెను. ఆ పటములోనిది మనకేమగునని మాత్ర మడుగలేదు.